నేను చెప్పని హీటర్ సంగతి

మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న వాటర్ హీటర్ పాడైపోతోందని మొదట కనిపెట్టింది నేను. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. తర్వాత జరిగిన గొడవలో దీన్ని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

బట్టలు ఉతికే మెషీన్ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి వారానికి రెండుసార్లు నేను కిందికి దిగేదాన్ని. మా ఆయన దిగేవారు కాదు. ఒక అక్టోబరులో బట్టలు మడత పెడుతుంటే, మూలనున్న ఆ పొడవాటి తెల్ల ట్యాంకు లోపల మొక్కజొన్న గింజలు పేలుతున్నట్టు చప్పుడైంది. ట్యాంకు కింద గ్యాస్ మంట ఆగగానే చప్పుడూ ఆగింది. ఇంకో వారానికి, పొద్దున్నే పంపు తిప్పితే మొదటి చెంబెడు నీళ్ళు పలచటి టీ రంగులో వచ్చాయి. ట్యాంకు మీద అంటించిన కాగితం చూశాను. అది మా ఇంటికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది.

నేను ముప్పై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో టెస్టర్‌ని. తప్పులు పట్టుకోవడం, అవి ఎలా బయటపడ్డాయో వరసగా రాయడం, ఎంత ప్రమాదమో సివియారిటీ అని ఒక అంకె (ఒకటంటే అన్నిటికన్నా ఎక్కువ) వేసి పంపడం, ఇదే నా ఉద్యోగం. దీన్ని టికెట్ ఓపెన్ చేయడం అంటారు. తప్పు దిద్దే పని నాది కాదు, ప్రోగ్రాం రాసినవాళ్ళది. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంజన్లు వేడెక్కిపోకుండా చూసే విభాగంలోనే ఉద్యోగమంతా గడిచింది. మేముండే ఈ ట్రాయ్ ఊళ్ళో మా చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళలో సగం మంది ఇలాంటి పనిలోనే ఉన్నారు. వేడి గురించి ఆయనకు తెలియనిది లేదని అందరికీ నమ్మకం. ఆయనకైతే మరీ.

ఆయన కాళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా షుగరు. గత ఆరేడేళ్ళలో పాదాలకు స్పర్శ పోయింది. ఒకరోజు సాయంత్రం సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే, కుడి అరికాల్లో డ్రాయింగ్ పిన్ను దిగబడి కనిపించింది. పొద్దుటినుంచీ దాని మీదే నడిచారు. ఆయనకు తెలియదు. పాదాల డాక్టరు మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఈ పాదాలకు ఇక దెబ్బ తగలకూడదనీ, తగిలితే మానదనీ, మానకపోతే ఏం చేయాల్సి వస్తుందో తాను నోటితో చెప్పదలచుకోలేదనీ అంది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆయన పాదాలు నేనే చూశాను. వేళ్ళ మధ్య, మడమ చుట్టూ, గోళ్ళ పక్కన. మాట్లాడుకుంటున్నా, మాట్లాడుకోకపోయినా చూశాను. ఈ ఒక్క పని మానలేదు.

చప్పుడు మొదలైన నెలకు మా ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ పెట్టుకున్నాం. నాలుగు కుటుంబాలు. మగవాళ్ళంతా బేస్‌మెంట్‌లో క్యారమ్స్ ఆడుతున్నారు. భోజనాలకు పిలుద్దామని నేను కిందికి దిగాను. సరిగ్గా అప్పుడే ట్యాంకులో చప్పుడు మొదలైంది. "ఏమండీ, విన్నారా? ఈ హీటర్ సంగతి ఒకసారి చూడండి. నీళ్ళు కూడా రంగు మారుతున్నాయి" అన్నాను. ఇంతమంది ఇంజనీర్లు ఉన్నారు కదా, ఎవరో ఒకరు లేచి చూస్తారనుకున్నాను.

మా ఆయన స్ట్రైకర్ మీద నుంచి తల ఎత్తలేదు. "చూశారా, మా ఇంట్లో కూడా టెస్టింగ్ డిపార్ట్‌మెంట్ నడుస్తుంది. పొద్దున్న లేస్తే టికెట్లే. ఓపెన్ చేసేది ఆవిడ, క్లోజ్ చేసేది నేను" అన్నారు.

"అన్నయ్యా, ఇది సివియారిటీ వన్నా, టూనా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న ఆయన స్నేహితుడు. చేతిలో నేను వేసిన మిరపకాయ బజ్జీ ఉంది.

"మా ఆవిడకి అన్నీ వన్నే తమ్ముడూ. ఉప్పు తక్కువైనా వన్నే, ఇల్లు కాలినా వన్నే."

"అయితే వదినా, మాన్యువల్ చదివావా, లేక డైరెక్ట్‌గా పైవాళ్ళకి ఎస్కలేట్ చేసేశావా?" అన్నాడతను నాతో.

నలుగురూ నవ్వారు. ఎవరు ఎలా నవ్వారో నాకిప్పటికీ తెలుసు. ఒకాయన నవ్వి వెంటనే తల వంచుకున్నాడు, ఆయన మీద నాకు కోపం లేదు. మిగతావాళ్ళ మీద ఉంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయనే. నవ్వి, "నాకు రావల్సిన రెడ్ నువ్వు చెడగొట్టావు" అన్నారు నాతో.

నేను పైకి వచ్చి అన్నం వడ్డించాను. సాంబారు గిన్నె పట్టుకుని ఒక నిర్ణయం చేసుకున్నాను. ఈ ఇంట్లో ఏ యంత్రం గురించీ నేను ఇక నోరు విప్పను. ఆయన వచ్చి, "ఏమంటావు, ఏం చేద్దాం?" అని అడిగిన రోజు చెబుతాను. అడగకపోతే చెప్పను.

ఇది ఒక్క హీటర్ గురించి పుట్టిన పంతమని అనుకోవద్దు. నేను వద్దన్న ఫిల్టరు తెచ్చి, ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నేస్‌కు పెట్టి, అది సరిపోక గాలి రాకపోతే, నేను తలుపులు మూయడం వల్లే అన్నారు. మా అమ్మాయి కాలేజీ ఎంచుకున్నప్పుడు వాళ్ళిద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర తేల్చుకుని, తర్వాత కాఫీ అడగడానికి నన్ను పిలిచారు. ఇల్లు అమ్మేసి వర్జీనియాలో మా అమ్మాయి దగ్గరికి, ఆష్‌బర్న్‌కు వెళ్ళిపోవాలన్న సంగతి కూడా నేను మొదట విన్నది ఆయన ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే. అవన్నీ మనసులోనే ఉన్నాయి. నాకు మరుపు తక్కువ. మా అమ్మాయి దీన్ని జబ్బంటుంది. కావచ్చు.

మారిస్తే సరిపోయే రోజులు చాలా వచ్చాయి, అన్నీ దాటిపోయాయి. ఆ డిసెంబరులో వంటింటి సింకు బాగుచేయడానికి ఒక ప్లంబరు వచ్చాడు. నీళ్ళు కట్టేయడానికి కిందికి వెళ్ళి వచ్చి, "ఆ ట్యాంకు ఆయుష్షు అయిపోయింది. కారేదాకా ఆగకండి" అన్నాడు. ఇలాంటివి పది పన్నెండేళ్ళకు మించి ఉంచుకోకూడదనీ, అడుగున సున్నం పేరుకుని సగం ట్యాంకు రాయైపోయి ఉంటుందనీ, ఆ చప్పుడు అదేననీ చెప్పాడు. మా ఆయన తల ఊపారు. అతను వెళ్ళాక వాట్సాప్ గ్రూపులో అడిగారు. ట్యాంకు పెట్టించాలా, ట్యాంకు లేనిదా అని అక్కడ పెద్ద చర్చ. సన్నీవేల్‌లో ఉండే ఆయన క్లాస్‌మేట్ ఒకాయన, కరెంటు మీద నడిచే కొత్త రకం కొనకపోతే నువ్వు ఇంజనీరువే కాదన్నాడు. ఇంకొకాయన థాంక్స్‌గివింగ్ సేల్ దాకా ఆగమన్నాడు. అప్పటికి థాంక్స్‌గివింగ్ వెళ్ళి మూడు వారాలైంది. చివరికి మా ఆయనే తేల్చారు: "రెండేళ్ళలో ఇల్లు అమ్మేస్తాం. కొనుక్కున్నవాడు మార్చుకుంటాడు."

నేను ఆ పక్కనే కూర్చుని బీన్స్ తరుగుతున్నాను. నా వైపు చూడలేదు.

మా ఇంట్లో స్నానం బకెట్‌తోనే. బాత్‌టబ్‌లో బకెట్, అందులో మగ్గు. ఈ దేశానికి వచ్చి ఇన్నేళ్ళైనా మా ఇద్దరికీ షవర్ కింద నిలబడితే స్నానం చేసినట్టు ఉండదు. పాత ఇల్లు కావడంతో పైన బాత్రూంలో పంపులు రెండు, వేణ్ణీళ్ళకొకటి, చన్నీళ్ళకొకటి. ఆ బాత్రూం టైల్స్ మార్పించినప్పుడు కాంట్రాక్టరు, ఒకే పిడి ఉన్న కొత్త పంపు పెడతానన్నాడు. నీళ్ళు ఒక హద్దు దాటి వేడిగా రాకుండా అది ఆపుతుందట. మేమిద్దరం ఒక్క గొంతుతో వద్దన్నాం. ముందు వేణ్ణీళ్ళు పట్టుకోవాలి, తర్వాత చన్నీళ్ళు కలుపుకోవాలి, వేలితో చూసుకోవాలి. అదీ పద్ధతి. రెండు పంపులూ ఉంచమని ఆయన చెప్పారు, నేనూ చెప్పాను. ఆ విషయంలో ఎవరి మీదా కోపం పెట్టుకునే హక్కు నాకు లేదు.

ఆ చలికాలం వేణ్ణీళ్ళు తగ్గాయి. మొదట రెండు బకెట్లు వచ్చేవి. తర్వాత ఒకటిన్నర. మా ఆయన ముందు స్నానం చేస్తే నాకు గోరువెచ్చని నీళ్ళు, అంట్లు తోమితే అవీ లేవు. నేను ఎలక్ట్రిక్ కెటిల్ పైకి మోసుకెళ్ళేదాన్ని. ఆయన ఎదురుగానే, మెట్లమీద, పొగలు కక్కే కెటిల్‌తో. చూసి ఏమిటని అడుగుతారనుకున్నాను. ఒకసారి, "జాగ్రత్త, ఒలుకుతుంది" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కానీ చెప్పలేదు.

రెండో చలికాలం మొదట్లో బట్టలు వేయడానికి కిందికి వెళ్ళాను. ట్యాంకు కింది భాగంలో ఉండే ఎర్ర చక్రం, వేడి ఎంతుండాలో చెప్పేది, ఎప్పుడూ ఉండే గుర్తు దగ్గర లేదు. ఒక గీత పైకి జరిగింది. ఇంకో నెలకు ఇంకో గీత. జనవరిలో దాదాపు చివరికి వచ్చేసింది. ఆయనే తిప్పారు. ఆ వారం ఫోన్లో మా అమ్మాయికి గర్వంగా చెబుతుంటే విన్నాను: "సింపుల్ ఫిజిక్స్ అమ్మా. నీళ్ళు ఎక్కువ వేడిగా ఉంటే, చన్నీళ్ళు ఎక్కువ కలుపుకోవచ్చు. పావు బకెట్ వేణ్ణీళ్ళతో ఫుల్ బకెట్ వస్తుంది. కొత్తది ఎందుకు?"

"వావ్, నాన్నా, స్మార్ట్" అంది అది.

చక్రం పక్కనే ఒక పసుప్పచ్చ కాగితం ఉంటుంది. చేయి, దాని మీద పడుతున్న నీళ్ళు, అలల్లాంటి గీతలు. చదవడం రానివాళ్ళకు కూడా అర్థమయ్యే బొమ్మ. నేను ఆ బొమ్మ ముందు నిలబడి, ముప్పై ఏళ్ళ అలవాటుగా మనసులో టికెట్ రాసుకున్నాను: వేణ్ణీళ్ళ పంపు మాత్రమే తిప్పండి, చన్నీళ్ళు కలపకండి, స్పర్శ లేని మనిషి కాళ్ళు దాని కింద పెట్టండి. ఏమవుతుందో అర్థమవడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నా వరకు నేను జాగ్రత్త పడ్డాను. వంటింట్లో వేణ్ణీళ్ళ పంపు ముట్టుకోవడం మానేశాను. పైకి వెళ్ళాను. ఆయన వార్తలు చూస్తున్నారు. పక్కన కూర్చున్నాను. నోటి దాకా వచ్చింది. అదే క్షణంలో ఆయన రిమోట్ చూపించి, "దీని బ్యాటరీలు అయిపోయాయని చెప్పలేదేం?" అన్నారు.

లేచి వెళ్ళిపోయాను. చెప్పి ఉండాల్సింది ఆ రోజే.

ఫిబ్రవరిలో ఒక శనివారం. రాత్రంతా మంచు పడింది. పొద్దున్నే మా ఆయన డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసి వచ్చారు. బూట్లలోకి మంచు పోయి సాక్సు తడిసిపోయాయి. "వేడిగా స్నానం చేసి వస్తాను, ఉప్మా కలుపు" అని పైకి వెళ్ళారు. ఇండియా మ్యాచ్ నడుస్తోంది. ఫోన్లో కామెంటరీ పెట్టుకున్నారని మెట్ల మీంచి వినబడింది.

వంటింటి సీలింగ్‌లోంచి నీళ్ళ గొట్టం వెళుతుంది. పైన పంపు తిప్పితే నాకు తెలుస్తుంది. తిప్పారు. బకెట్ నిండే సేపు ఎంతో నాకు తెలుసు. అది దాటింది. ఇంకా నీళ్ళు పోతూనే ఉన్నాయి. పోనీ, అనుకున్నాను. ట్యాంకంతా ఖాళీ చేసుకోనీ. చన్నీళ్ళతో వణుకుతూ బయటికి వస్తే అప్పుడైనా తెలుస్తుంది, అప్పుడైనా వచ్చి అడుగుతారు. ఆ నిమిషంలో నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. ఈ వాక్యం రాయకుండా ఉండాలని చాలాసార్లు అనుకున్నాను.

జరిగింది ఇది. ఆయన టబ్ అంచు మీద కూర్చుని, కాళ్ళు లోపల పెట్టి, బకెట్ కింద వేణ్ణీళ్ళ పంపు తిప్పారు. ముందు వేణ్ణీళ్ళు కదా. అవతల ఎవరో అవుటైనట్టున్నారు, అప్పీలు, మళ్ళీ చూపించడం, ఆ ధ్యాసలో ఉండిపోయారు. బకెట్ నిండి పొర్లింది. పొర్లిన నీళ్ళు ఆయన పాదాల మీదుగా పోయాయి. టబ్ నీళ్ళు పోయే దారి సగం మూసుకుపోయి ఉంది, నీళ్ళు పాదాల చుట్టూ నిలిచాయి. కాళ్ళు కొంచెం వెచ్చబడి హాయిగా అనిపించిందట. హాయిగా, అన్నారు తర్వాత డాక్టరుతో. ఆవిరి మొహానికి కొడితే అప్పుడు పంపు కట్టారు.

స్నానం చేసి, పొడి సాక్సు వేసుకుని కిందికి వచ్చారు. ఉప్మా తిన్నారు. నిమ్మకాయ పిండుకున్నారు. మ్యాచ్ గురించి ఏదో చెప్పారు. నేను పళ్ళెం తీయడానికి వంగితే, ఆయన కుర్చీ కింద చెక్క నేల తడిగా ఉంది.

"కాళ్ళు తుడుచుకోలేదా?"

"తుడుచుకున్నానే."

సాక్సు తడిసి ఉన్నాయి. నేను కింద కూర్చుని కుడి సాక్సు అంచు పట్టుకుని లాగాను. సాక్సుతో పాటు చర్మం వచ్చింది. పెసలు నానబెట్టి రుద్దితే పొట్టు వచ్చినట్టు వచ్చింది.

నేను అరిచాను. ఆయన నా మొహం వైపు చూశారు, కాలి వైపు కాదు. "ఏమైంది? నొప్పేం లేదే" అన్నారు.

ఎమర్జెన్సీలో నర్సు ఒకటొకటిగా అడుగుతూ కంప్యూటర్‌లో ఎక్కించుకుంటోంది. మీ ఇంట్లో హీటర్ ఎంత మీద పెట్టి ఉంది అని అడిగింది. మా ఆయన తడబడ్డారు. "నార్మల్‌గానే... కొంచెం పెంచాను" అన్నారు.

"చివరి గీతకి ఒక గీత తక్కువ" అన్నాను.

నర్సు అటు తిరిగి రాసుకుంటోంది. మా ఆయన తెలుగులో మెల్లగా, "నీకెలా తెలుసు?" అన్నారు.

"బట్టలు ఉతకడానికి నేనే కదండీ వెళ్తాను."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మీరు తిప్పిన రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

రెండు చలికాలాలు నేను ఎదురుచూసిన ప్రశ్న ఇదే, దాదాపు ఇదే. జవాబు కూడా ఎప్పుడో తయారు చేసుకున్నాను. "నా టికెట్లు మీకు నవ్వులాట కదా. నలుగురిలో అన్నారు కదా, ఓపెన్ చేసేది ఆవిడ, క్లోజ్ చేసేది నేను అని. సరే, నేను ఓపెన్ చేయలేదు."

ఆయన చాలాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, ఆ మొహం నాకు తెలుసు. లెక్క తేలనప్పుడు అలా పెడతారు.

"ఎప్పుడన్నాను?" అన్నారు.

ఆయనకు గుర్తు లేదు. పాట్‌లక్ గుర్తుంది, బజ్జీలు గుర్తున్నాయి, రెడ్ పోవడం కూడా గుర్తుంది. ఆ మాట గుర్తు లేదు. నేను రోజూ తీసి చూసుకుని మళ్ళీ దాచిపెట్టుకున్న మాట ఆయన దగ్గర అసలు లేనే లేదు. ఆయన తప్పించుకోవడానికి అలా అనుంటే నాకు ఇంకో కోపం దొరికేది, దాన్ని పట్టుకుని నిలబడేదాన్ని. అదీ కాదు. నర్సు ఇటు తిరిగి, ఇంట్లో ఇద్దరి మధ్యా ఏమైనా ఇబ్బంది ఉందా, మీరు క్షేమంగానే ఉన్నారా అని ఆయన్ని అడిగింది. ఆయన్ని. అక్కడ పెట్టే మామూలు ప్రశ్నేనట. ఆయన నా చేయి పట్టుకుని, "షీ ఈజ్ వెరీ గుడ్" అన్నారు. నేను బయటికి వెళ్ళి కాఫీ మెషీన్ పక్కన నిలబడ్డాను.

మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. తొడ మీంచి చర్మం తీసి పాదాలకు వేశారు. ఎడమది అతుక్కుంది. కుడికాలి చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లబడ్డాయి. పదో రోజున తీసేశారు. ఆ పొద్దున ఆయన మందుల మత్తులో ఉంటే సర్జను నాతో సంతకం పెట్టించుకున్నాడు. పేరు చదివి చూపించి, కుడి పాదం, నాలుగు, అయిదు వేళ్ళు అన్నాడు. అలా అంకెలు వేసి చెప్పడం నాకు అలవాటే.

మా అమ్మాయి ఆష్‌బర్న్ నుంచి వచ్చింది. దానికి తెలుగు అర్థమవుతుంది, కోపమొస్తే మాత్రం సగమే నోటికి వస్తుంది. కారు పార్కింగ్‌లోనే అడిగేసింది. "అమ్మా, నువ్వు నోటీస్ చేసి కూడా వై డిడ్ యు నాట్ సే? నువ్వు అందరికీ అన్నీ చెప్తావు. వెయిటర్‌కి చెప్తావు. నా ఫ్రెండ్స్‌కి చెప్తావు, షర్ట్ ఐరన్ చేయలేదు అని. నాన్నకి చెప్పలేదు?"

"చెప్పాను. ఒకసారి చెప్పాను."

"ఒకసారి?"

అది అన్న తీరు మరిచిపోలేను. కానీ అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఒక మనిషి ఎన్నిసార్లు చెప్పాలి? ఆఫీసులో నేను రాసిన టికెట్‌ను ప్రోగ్రామరు నవ్వి మూసేస్తే, మళ్ళీ తెరుస్తాను. మళ్ళీ మూస్తే, మళ్ళీ తెరుస్తాను. వాళ్ళ మేనేజరు దాకా వెళతాను. నా పేరు చెబితే అక్కడ అందరికీ విసుగు. అయినా ఏ రోజూ మానుకోలేదు, ఎందుకంటే అవతల ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఆ తప్పు వల్ల నష్టపోతాడని. ఇంట్లో నేను రెండోసారి తెరవలేదు.

క్యారమ్స్ దగ్గర సివియారిటీ అడిగిన ఆయన స్నేహితుడు, భార్యతో కలిసి టమాటా పప్పు, చారు డబ్బాల్లో పెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "అయినా వదినా, హీటర్ అంత మీద ఎవరైనా పెడతారా? ముందే మాకు ఒక్క మాట అనుంటే..." అన్నాడు. డబ్బా ఖాళీగా తిరిగివ్వడం మాలో లేదు, కొంచెం చక్కెరైనా వేసి ఇస్తాం. ఆ డబ్బాలు కడిగి, తుడిచి, ఖాళీగానే ఇచ్చాను. ఆవిడ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది. అర్థమైంది. అయినా నాకు అందులో ఏ హాయీ దొరకలేదు.

ఆయన ఇంటికి రాకముందే హీటర్ మార్చాలని ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పారు. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో చూస్తానంది. నేను చూసుకుంటాలే అన్నాను. సింకు బాగుచేసిన ప్లంబరునే పిలిచాను. అతను పాత ట్యాంకు కింద గొట్టం తగిలించి నీళ్ళు వదిలాడు. ముందు ఎర్రటి నీళ్ళు, తర్వాత ఏమీ రాలేదు. లోపల కమ్మీ పెట్టి కదిపితే తెల్లటి పెళ్ళలు, చిన్న చిన్న గులకరాళ్ళలాంటివి బకెట్‌లో పడ్డాయి. చక్రం ఎక్కడుందో చూశాడు. నా వైపు చూశాడు.

"మ్యామ్, నేను క్రితం చలికాలమే చెప్పాను కదా. అప్పుడే మార్చేయాల్సింది. నీళ్ళు తగ్గాయని ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"గమనించాం" అన్నాను.

అతను పాత గొట్టాలు ఊడదీయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి కొత్తది బిగించాడు. పాతదాన్ని రెండు చక్రాల చిన్న తోపుడు బండికి కట్టి మెట్లమీదుగా పైకి లాగుతుంటే ప్రతి మెట్టుకూ లోపల రాళ్ళు దొర్లిన చప్పుడైంది. కొత్తదాని చక్రం నూట ఇరవై డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టి, పైన పంపుల దగ్గరకు వెళ్ళే గొట్టానికి వేడి హద్దు దాటకుండా ఆపే ఇత్తడి వాల్వు ఒకటి వేశాడు. ఇదంతా పొద్దున తొమ్మిదికి మొదలై రెండింటికి అయిపోయింది. రెండు చలికాలాలు మేము మోసిన పని అయిదు గంటలది.

ఇల్లు అమ్మడం లేదు. ఆ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తరు. ఆయన బయటికి నడవాలంటే ప్రత్యేకంగా చేయించిన బూటు ఉంది, కర్ర ఉంది. వీధి చివరి పోస్టు డబ్బా దాకా వెళ్ళి వస్తారు. ఒకప్పుడు ఆ చివర నుంచి స్కూలు మైదానం మీదుగా చుట్టు తిరిగి వచ్చేవారు, ముప్పావు గంట. నేను కిటికీలోంచి చూస్తాను. కుడికాలు ముందుకు వేయగానే మనిషి కొంచెం పక్కకు ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుంటారు. పాదాలు ఇప్పటికీ రోజూ చూస్తాను. వేళ్ళ మధ్య చూడాల్సిన చోట్లు కుడివైపు రెండు తగ్గాయి.

క్షమించమని ఆయన అడగలేదు. ఏ మాటకో ఆయనకు తెలియదు కదా. నేనూ అడగలేదు. నాకు తెలుసు, అయినా అడగలేదు.

ఇప్పుడు నీళ్ళు ఎంత వేడిగా రావాలో అంతే వస్తాయి. పంపు ఎంత తిప్పినా కాలవు. ప్లంబరు ఆయనకు ఫోన్లో రెండుసార్లు విడమరిచి చెప్పాడు. అయినా ఆయన నమ్మరు. టబ్ అంచు మీద కూర్చుని, బకెట్ నిండాక, కాళ్ళు బయటే పెట్టుకుని నన్ను పిలుస్తారు. "ఒకసారి వచ్చి చూడవోయ్. ఎలా ఉన్నాయో చెప్పు." ప్రతిరోజూ. వంటింట్లో ఉన్నా, ఫోన్లో ఉన్నా, ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా, నేను వచ్చేదాకా అలాగే కూర్చుంటారు.

వెళ్తాను. మోచేతిదాకా చేయి నీళ్ళలో పెడతాను. కొన్ని రోజులు వెంటనే చెప్పను. తెలిసి కూడా, కావాలనే, కాసేపు చేయి అలాగే ఉంచుతాను. ఆయన రెండు పాదాలూ టబ్ పైన గాల్లో ఎత్తి పట్టుకుని, నా మొహం చూస్తూ ఉంటారు. తొడ కండరాలు వణకడం మొదలవుతుంది.

"పెట్టుకోండి" అంటాను అప్పుడు.